రుక్మిబాయి మేకలు గీసిన నక్ష

రుక్మిబాయికి ఒక అనుమానం పుట్టిందంటే ఎదుటి మనిషి పని అయిపోయినట్టే. గాంధారి దాటాక తారు రోడ్డు వదిలేసి మట్టిబాటలో లోపలికి పోతే తగిలే ఆ తండాలో ఈ సంగతి ఎరగనివాళ్లు లేరు. కరోనా సూది వేయడానికి వచ్చిన నర్సమ్మను పట్టుకుని, జబ్బలో గుచ్చిన మందు కాలిదాకా ఎట్లా పోతుందో చెప్తేగాని చెయ్యి చాపనని మొండికేసింది. కామారెడ్డి బస్సులో కండక్టరు చేతి మిషను లోపల కాగితం ఎంత పొడుగుంటుందో చూపించమని పేచీ పెట్టింది. పాపం, ఆయన మూత తీసి చూపించాడు కూడా. ఆమె కొడుకు గోవింద్ గాంధారికీ కామారెడ్డికీ మధ్య ఆటో నడుపుతాడు. "మా యాడిని ఎక్కించుకుంటే టైర్ల కంటె ముందు నా నోరు అరుగుతది" అని స్టాండులో చెప్పి అందరినీ నవ్విస్తుంటాడు. లంబాడీలకు యాడి అంటే అమ్మ.

అట్లాంటి మనిషి ఒక్క ప్రశ్నను మాత్రం, అడగవలసిన మనిషిని అడగకుండా, ఏళ్లకేళ్లు కడుపులో దాచుకుంది. అది ఎట్లా బయటపడిందో చెప్పాలంటే ముందు ఆ తండా మీద ఎగిరిన డ్రోన్ సంగతి చెప్పాలి.

ఆ రోజు తండా తండా అంతా పంచాయతీ ఆఫీసు ముందే ఉంది. సర్పంచ్ దీప్లా పెళ్లికి పోతున్నట్టు తెల్లచొక్కా వేసుకొచ్చాడు. పంచాయతీ కార్యదర్శి భూమికది ఎల్లారెడ్డి పక్కన ఇంకో తండా. చదువుకున్న పిల్లే అయినా ముసలివాళ్ల దగ్గర కూర్చుని ఓపిగ్గా మాట్లాడుతుందని అందరికీ ఆమె అంటే ఇష్టం. అరుగు మీద నిలబడి విడమరిచి చెప్పింది.

"ఇగో, ఇది పైనుంచి ఫోటోలు తీస్తది. అవన్నీ కంప్యూటర్ల అతికిస్తే మన ఊరి నక్ష అయితది. ఇండ్లు ఏడున్నయి, పొలాలు ఏడున్నయి, సర్కారు జాగ ఎంతున్నది, అంతా ఎరుకయితది. నీళ్ల ట్యాంకు ఏడ కట్టాలె, బాట ఎటు వెయ్యాలె అని గా నక్ష ముందట పెట్టుకొని మనమే అనుకుందం."

డ్రోన్ గుయ్యిమని లేచింది. కుక్కలు మొరిగాయి, కోళ్లు దొరికిన సందుల్లో దూరాయి. అందరూ తలలెత్తి ఆకాశంలోకి చూస్తుంటే రుక్మిబాయి మాత్రం భూమిక చున్నీ పట్టుకుంది.

"బిడ్డా, గది ఏమేం చూస్తది?"

"ఇండ్లు, చెట్లు, బావులు, బాటలు. పైకి కనబడేటియన్ని చూస్తదవ్వా."

"ఇంట్ల ఉన్నోళ్లను?"

"కప్పు కింద కనబడదు."

"మరి మట్టి కింద?"

పక్కనున్నవాళ్లు గొల్లుమన్నారు. "రుక్మక్కా, ఏం పాతిపెట్టినవ్ చెప్పు! బంగారమా?" అని దీప్లా ఆటపట్టించాడు. రుక్మిబాయి కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కాని వదిలితేనా! డ్రోన్ కిందికి దిగాక దాన్ని నడిపినతన్ని అడిగింది, పెట్టె మోసినతన్ని అడిగింది, జీపు డ్రైవర్ని కూడా అడిగింది. అదే ప్రశ్న. ఆ డ్రైవరుకు ఏం తోచక "చూస్తదేమో పెద్దమ్మా" అనేశాడు. ఆ ఒక్క 'ఏమో'ను పట్టుకుని ఇంటికి పోయింది ఆ తల్లి.

నవ్వినవాళ్లకు ఏం తెలుసు? ఆమె అడిగింది బంగారం కోసం కాదు, బిడ్డ కోసం.

గోవింద్ కంటే ముందు ఆమెకో ఆడపిల్ల పుట్టింది. ఇంకా పాకడం కూడా రాని వయసు. ముసురు పట్టిన వానాకాలంలో జ్వరం తగిలింది. గాంధారి దవాఖానకు ఎత్తుకుపోదామంటే వాగు దాటనివ్వలేదు. పిల్ల ఒడిలోనే పోయింది. ఆ తండాలో పెద్దవాళ్లు పోతే కాలుస్తారు, పసివాళ్లను పూడ్చిపెడతారు. పూడ్చడానికి తండ్రి ఒక్కడే పోవాలి. తల్లి వెంట పోకూడదు, చోటు ఎక్కడని అడగకూడదు. చోటు తెలిస్తే ఆమె మనసు ఆ మట్టిలోనే చిక్కుకుపోయి మళ్లీ కడుపు పండదని పెద్దల మాట. పోయిన బిడ్డ పేరు కూడా ఇంట్లో ఎత్తకూడదు. ఎవరు పెట్టారో ఏమో గాని, పాడు నియమం!

ఆమె మొగుడు దేవీసింగ్ బిడ్డను పాత ధోవతిలో చుట్టుకుని, గడ్డపార భుజాన వేసుకుని గుట్ట వైపు పోయాడు. చాలాసేపటికి తిరిగొచ్చాడు. పాదాలకు నల్లబురద, దాని పైన మోకాళ్లదాకా ఎర్రమట్టి. తండా చుట్టూ ఉన్నది నల్లరేగడి, గుట్ట మీద ఒక్కచోటే ఎర్రమట్టి. రుక్మిబాయి ఏమీ అడగలేదు. ఆ ఎరుపును మాత్రం కళ్లలో పెట్టుకుంది.

కొన్నాళ్లకు మేకలు కావాలని మొగుడి ప్రాణం తీసింది. గోవింద్ కడుపున పడినా, పుట్టినా, పెరిగి పెద్దవాడైనా ఆమె మేకలను మాత్రం మానలేదు. రోజూ గుట్ట మీదికే తోలుకుపోయేది. ఆ ఎర్రమట్టిలో ఒక రేగు పొద పక్కన ఎవరో తవ్వి పూడ్చినట్టున్న చిన్న పల్లం కనిపించింది. దాని పక్కన కూర్చునేది. అదేనని ఆమెకు సగం నమ్మకం. మిగతా సగమే ఆమెను లోపల్లోపల తినేసింది. వానలకు కుంగిన నేల కావచ్చు, ఎవరో గడ్డల కోసం తవ్వి ఉండవచ్చు. మొగుణ్ని అడుగుదామా? అడగకూడదు. ఆయనా చెప్పకూడదు. పైగా దేవీసింగ్ నోట్లోంచి మాట రావడమే గగనం. ఇద్దరూ ఒకే కంచు గిన్నెలో జొన్నరొట్టె ముంచుకుని తింటూ ముసలివాళ్లయిపోయారు గాని ఆ సంగతి మధ్యకు రానివ్వలేదు.

డ్రోన్ ఫోటోలు నక్ష అయి తిరిగొచ్చాయి. పంచాయతీ గోడకు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఇళ్లకు పసుపు, పొలాలకు ఆకుపచ్చ, ఖాళీ జాగాకు బూడిద రంగు. జనం ఎగబడి ఎవరి ఇల్లు వాళ్లు వెతుక్కున్నారు. తన రేకుల కప్పు పక్కింటి కప్పు కంటే చిన్నగా ఎందుకుందని ఒకాయన భూమికతో తగాదాకు దిగాడు. రుక్మిబాయి తన మేకల పాకను చూసి మురిసిపోయింది. ఆకాశంలోంచి చూస్తే తన పాక అరచేతి గీతంత ఉంది! ఆ సంబరంలోనే వేలు జరుపుకుంటూ గుట్ట దగ్గరికి వచ్చి ఆగింది.

గుట్ట నెత్తి అంతా బూడిద రంగు. దాని మీద నీలం గీతలతో ఒక నలుపలకల డబ్బా.

"ఇదేంది బిడ్డా?"

"ఆటస్థలం అవ్వా. గుట్ట మీద చదునుగున్నది, సర్కారు జాగ, ఖాళీగున్నది. మిషను తెచ్చి కొంచెం తవ్వి సాపు చేపిస్తే పిల్లలు కబడ్డీ గిట్ల ఆడుకుంటరు. ఇంక ఖాయం కాలే. ఊరోళ్లందరు సరే అంటేనే."

ఊరంతా సరే అనే అంటోంది. ఎందుకనదు? తండా పిల్లలు ఆడుకునే చోటు లేక రోడ్డు మీద ఆడుతుంటే ఆటోలవాళ్లు తిడుతున్నారు. మంచి పనే అది. కాదనడానికి నోరెట్లా వస్తుంది? మిషను పళ్లు గుట్ట మీద ఎక్కడ దిగుతాయో, వాటికి ఏం తగులుతుందో రుక్మిబాయికి కళ్లకు కట్టింది. బిడ్డ ఎక్కడుందో రూఢిగా తెలిస్తే ఆ ఒక్క చోటు వదిలిపెట్టమని కాళ్లు పట్టుకునైనా అడుగుతుంది. తెలియనిది ఏమని అడుగుతుంది? ఇక ఆగే పని లేదనుకుంది. ఎట్లాగైనా తెలుసుకోవాలి.

సరిగ్గా అప్పుడే భూమిక ఆమె చేతిలో ఆఫీసు ఫోను పెట్టింది. తండా నుంచి గాంధారి రోడ్డుకు ఏ దారిన పోతే దగ్గరో తేల్చాలట. మనిషి ఫోను పట్టుకుని నడిస్తే నడిచిన దారంతా నక్ష మీద గీత పడుతుందట.

"ఈ తండాల నీకంటే ఎక్కువ నడిచేటోళ్లు ఎవలున్నరవ్వా? నేను నొక్కి ఇస్తున్న. నువ్వు ఏం ముట్టకు. రోజు నడిచే తొవ్వల నడువు. మీటింగులకు ఎల్లారెడ్డి పోతున్న, వచ్చినంక తీసుకుంట."

"ఇది కూడ నక్షనే గీస్తదా? గా ఎగిరేదాని లెక్కనే?"

"గట్లనే అనుకో."

భూమిక అన్నది రోడ్డుకు పోయే తొవ్వ. రుక్మిబాయి రోజూ నడిచే తొవ్వ రోడ్డుకు ఎప్పుడు పోయింది గనుక! ఆమె ఫోనును అద్దాలు కుట్టిన చేసంచిలో వేసుకుని, సంచిని నడుముకు బిగించి, మేకలను అదిలించుకుంటూ గుట్టెక్కింది. మేకలు ఆకు కనబడిన దిక్కుకల్లా పోయాయి, వాటి వెంట ఆమె పోయింది. తప్పిపోయిన మేకపోతు కోసం వెనక్కి వచ్చింది, ముల్లు విరిగిన కాలితో చుట్టుదారిలో కుంటింది. మరునాడూ అంతే, ఆ మరునాడూ అంతే. ఫోను కుయ్యిమన్నప్పుడల్లా గోవింద్ దానికి ఛార్జింగ్ పెట్టి పుణ్యం కట్టుకున్నాడు.

రేగు పొద దగ్గర మాత్రం ఆమె సంచి విప్పేది. ఫోనును ఆ పల్లంలో బోర్లా పెట్టేది. దాని కన్ను వెనక వైపుంటుందని కొడుకు చెప్పగా విన్నది, మట్టి వైపు ఉంటే చూస్తుందని ఆమె ఆశ. మోకాళ్లు పట్టుకుని పక్కన కూర్చుని, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, "చూడు తల్లీ, మంచిగ చూడు" అని ఫోనును బతిమాలేది. అది ఏదైనా చెబుతుందేమోనని వంగి చెవి ఆనించేది. ఒకసారి మేకపిల్ల వచ్చి ఫోనును నాకిపోయింది. ఫోను ఏమీ చెప్పలేదు.

భూమిక తిరిగొచ్చాక పంచాయతీ ఆఫీసులో అందరినీ పిలిచారు. గోడకున్న టీవీకి లాప్‌టాప్ తగిలించి నక్ష వేసింది. తలుపు దగ్గర బీడీ ఆర్పేసి దేవీసింగ్ కూడా వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"రుక్మవ్వ నడిచిన తొవ్వ చూద్దం" అని భూమిక మీట నొక్కింది.

తండాలో మొదలైన ఎర్రగీత రోడ్డు వైపు ఒక్క అడుగు కూడా పోలేదు. గుట్టెక్కింది. ఎక్కి, పిల్లలు బలపంతో పలక మీద గీకినట్టు అటూ ఇటూ గీకిపారేసింది. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఆఫీసు కప్పు ఎగిరిపోయేటట్టు నవ్వారు.

"ఓ అక్కా! గీ తొవ్వల రోడ్డేస్తే మనం గాంధారి చేరనీకి పండుగ దాటుతది!" అని దీప్లా కళ్లు తుడుచుకున్నాడు.

"నక్ష నేను గియ్యలే, మేకలు గీసినయి. వాటిని అడుగుర్రి!" అని రుక్మిబాయి కూడా దబాయించింది.

భూమిక నవ్వుతూనే బొమ్మను పెద్దది చేసింది. గీతలన్నీ చెదిరి ఉన్నాయి గాని ఒక్కచోట మాత్రం ముడిపడి ముద్దగా ఉన్నాయి. ఆమె కనుబొమలు ముడుచుకున్నాయి.

"ఇదేంది అవ్వా? రోజు ఈడికే వచ్చి శానాసేపు ఆగినవ్."

"మేకలు ఆగినయి."

"మేకలు ఆగితే నువ్వు గింత మెదులుతవ్ గద. ఫోను ఉన్నకాడనే ఉన్నది." భూమికకూ ఇప్పుడు తెలుసుకోవాలనిపించింది. ఇంకేదో నొక్కితే రంగులు మారాయి. "ఇది నేల ఎత్తుపల్లాల నక్ష. చూడు, సరిగ్గ గాడనే నేల జరంత కుంగి ఉన్నది. ఎప్పుడో గుంత తీసి పూడ్చినట్టున్నది."

రుక్మిబాయి దిగ్గున లేచింది. "చూసిందా? మట్టి కిందికి చూసిందా బిడ్డా?"

"లోపలికి చూడదవ్వా. పైన కుంగింది తెలుస్తది, గంతే. ఏమున్నది ఆడ?"

ఇంకెవరైనా అయితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాళ్లు. రుక్మిబాయి ఒక అడుగు ముందుకు వేసింది. టీవీ మీద ముడి వైపు చూసింది, దాని చుట్టూ ఉన్న నీలం డబ్బా వైపు చూసింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ లేదని ఆమెకు తెలిసిపోయింది.

"నా బిడ్డ ఉన్నది" అంది. "గోవిందుకు ముంగట పుట్టింది. నా జమ్లీ."

ముసలామె ఒకతి చెంపలు వేసుకుంది. ఆ పేరు విననట్టు మగవాళ్లు తలలు దించుకున్నారు.

"అడగొద్దని, పేరెత్తొద్దని నాకెరుకనే" అంది రుక్మిబాయి. "పిల్లలకు ఆటజాగ వద్దంటలేను. మిషను తవ్వేటప్పుడు నా బిడ్డ బొక్కలు బయటపడితే ఎట్ల సూడాలె నేను? గా ఒక్క జాగ ఇడిసిపెట్టుర్రి. మీ కాళ్లు మొక్కుత."

దీప్లా మెడలో తువాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "కాళ్లు మొక్కుడేంది అక్కా! ఇడిసిపెడదం. గుట్టనే వద్దు, ఇంకో జాగ చూద్దం" అన్నాడు. భూమిక ఆ ముడి చుట్టూ సున్నా గీయడం మొదలుపెట్టింది.

"వద్దు."

వెనక గోడ దగ్గర్నుంచి వచ్చింది ఆ మాట. అందరూ తిరిగి చూశారు. దేవీసింగ్ లేచి నిలబడి ఉన్నాడు. రుక్మిబాయికి ఒళ్లు మండిపోయింది. "ఇప్పుడన్న అడ్డం రాకు! నీ నియమం నువ్వు నెత్తిన పెట్టుకొని ఊరేగు!" అని అరిచింది.

ఆయన జనం మధ్యలోంచి మెల్లగా ముందుకొచ్చాడు. పెళ్లాం ముఖం వైపు చూడలేదు.

"ఆడ లేదు" అన్నాడు. "ఆ గుంత నేను తీసిందే. తీసిన. బిడ్డను పెట్టనీకి చేతులు రాలే. గాలి కొడుతున్నది, వాన కొడుతున్నది, చుట్టుముట్టు ఎవ్వలు లేరు. ఒక్కతే ఎట్లుంటది అనిపించింది. ఉత్త గుంత పూడ్చి, బిడ్డను ఎత్తుకొని మళ్ల దిగిన."

ఆయన భూమిక దగ్గరికి పోయి, "మా చేను చూపియ్యి బిడ్డా" అన్నాడు. ఆమె బొమ్మను జరిపింది. తండాను ఆనుకునే ఉన్న ఆకుపచ్చ ముక్క వచ్చింది. మూలన మంచె కప్పు చిన్న మచ్చలా ఉంది. దేవీసింగ్ కాయలు కాసిన వేలు టీవీ మీద జరుగుతూ వచ్చి ఆ మచ్చ మీద ఆగింది.

"ఈడ. మంచె కింద."

చేనులో పంట ఉన్నా లేకపోయినా ఆయన పడక ఆ మంచె మీదే. జొన్న కోసేసి నేల బోడిగా ఉన్న నెలల్లో కూడా అక్కడే. పందుల కావలి అనేవాడు. బోడి చేనులో పందులు ఏం తింటాయని ఆమె ఎన్నిసార్లు దెప్పినా దుప్పటి భుజాన వేసుకుని పోయేవాడే గాని మారుమాట లేదు. చెరుకు కొట్టడానికి తండా అంతా వలస పోయినప్పుడు కూడా ఆయన కదలలేదు. సోమరిపోతని పేరు పడ్డా కదలలేదు.

రుక్మిబాయి రెండు పిడికిళ్లతో ఆయన రొమ్ము మీద గుద్దింది. "ఇన్నేండ్లు నన్ను ఉత్త గుంత కాడ కూసోబెట్టినవ్ గదరా! ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోతుండె?"

"చెప్తే నీ కడుపు పండదన్నరు."

"గోవిందు పుట్టినంక చెప్పచ్చు గద!"

దేవీసింగ్ ఆ దెబ్బలకు అడ్డం కూడా పెట్టలేదు. "అప్పటికి నువ్వు మేకలెంట నవ్వుకుంట తిరుగుతుంటివి. మర్చిపోయినవనుకున్న. మర్చిపోయినదానికి మళ్ల ఎందుకు యాది చెయ్యాలె అనుకున్న" అన్నాడు.

ఆమె చేతులు జారిపోయాయి. ఆయన గురించి తనూ అదే అనుకుంది, మర్చిపోయాడని. ఒక ఇంట్లో ఉంటూ, ఒక బిడ్డకు ఇద్దరూ విడివిడిగా కాపలా కాశారు. భూమిక ముఖం అటు తిప్పుకుంది. తర్వాత గీస్తున్న సున్నా చెరిపేసి, "ఆటస్థలం..." అని ఆగింది. "గుట్ట మీదనే ఉండనియ్యి బిడ్డా, పిల్లలు ఆడుకోని" అంది రుక్మిబాయి. నక్ష మీద ఆ ఆకుపచ్చ చేనులో ఎవరూ ఏ గుర్తూ పెట్టలేదు.

పొద్దు వాలుతుండగా ఇద్దరూ చేనుకు పోయారు. మేకలు తమ మానాన గట్టు మీద మేస్తున్నాయి. దేవీసింగ్ మంచె కింద వంగి, అడ్డంగా పడి ఉన్న జొన్నచొప్ప తీసి పక్కన పెట్టాడు. కింద నేల నున్నగా ఉంది. ఎవరో రోజూ చేత్తో సాపు చేస్తున్నట్టుంది. రుక్మిబాయి చతికిలబడి ఆ మట్టి మీద అరచెయ్యి పెట్టింది. నల్లమట్టి ఇంకా పగటి వేడికి వెచ్చగానే ఉంది. ఏడుపు తెరలు తెరలుగా వచ్చింది, ఆమె ఆపుకోలేదు, ఆయన ఆపమనలేదు. చాలాసేపటికి ముక్కు చీది, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"తల ఎటు దిక్కు పెట్టినవ్?" అని అడిగింది.

దేవీసింగ్ చెయ్యెత్తి తండా వైపు చూపించాడు.

"మనింటి దిక్కు" అన్నాడు. "నీ మాట వినబడుతుంటదని."